మన సంఘం వెబ్‌సైటు – చేసిన పొరపాట్లు, నేర్చుకున్న పాఠాలు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను చెప్పబోయేది దాని పక్కనే ఉన్న ఒక చిన్న సంగతి. హక్కు ఉంటే చాలదు. ఆ హక్కుకు సంబంధించిన ఫారం ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని అడగాలో మనిషికి తెలియాలి. ఆ పని చేయడానికే మనం వెబ్‌సైటు పెట్టుకున్నాం. మొదటిసారి పెట్టినప్పుడు ఆ పని తప్ప మిగతావన్నీ చేశాం.

ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి వెబ్‌సైటు సంగతులేమిటని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. నాకూ కలిగింది. అధ్యక్షులు గారితో అదే అన్నాను. ఆయన నవ్వి, "మొదటి వెబ్‌సైటు పాడుచేసిన సబ్‌కమిటీకి కన్వీనరు తమరే కదా, దాని గురించి తమకన్నా బాగా ఎవరు చెబుతారు?" అన్నారు. కాదనలేకపోయాను.

మొదటి సైటు కథ

2016లో మన కార్యవర్గం ఒక తీర్మానం చేసింది. "సంఘమునకు వెబ్‌సైటు ఏర్పాటు చేయుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." అంతే, ఒక్క వాక్యం. ఎవరి కోసం, అందులో ఏమేమి ఉండాలి, తర్వాత ఎవరు చూసుకుంటారు అన్న ఊసే లేదు. ఆఫీసులో ఒక బీరువా కొనాలంటే ఎన్ని అడుగుల ఎత్తు, ఎన్ని అరలు, ఎన్ని తాళంచెవులు అని ఇండెంటులో రాసేవాళ్ళం. వెబ్‌సైటు విషయంలో ఆ మాత్రం జాగ్రత్త కూడా తీసుకోలేదు.

అలవాటు ప్రకారం మూడు కొటేషన్లు పిలిచాను. కంపారేటివ్ స్టేట్‌మెంటు వేశాను. తక్కువ రేటు వారికి ఆర్డరిచ్చాం. ఫైలు చూస్తే ఆడిటు వారు కూడా వేలెత్తి చూపలేరు. కాని ఆ మూడు కొటేషన్లూ మూడు వేరువేరు పనులకు! ఒకరు ఏడాది నిర్వహణ కలిపి వేశారు. ఒకరు తెలుగు టైపింగు తమది కాదన్నారు. మూడవ వారు ఎన్ని పేజీలో చెప్పలేదు. వారే తక్కువ రేటు వారు.

ఆ కంపెనీ నుంచి ఒక కుర్రవాడు వచ్చి, "ఎలా కావాలి సార్?" అని అడిగాడు. "బాగుండాలి బాబూ" అన్నాం. పాపం, అతను ఏం చేస్తాడు? ఆ తర్వాత ఒక్కొక్కరం ఒక్కొక్కటి చెప్పాం. ఒకరు అధ్యక్షుల వారి ఫొటో పెద్దదిగా పైన ఉండాలన్నారు. ఉపాధ్యక్షులు ముగ్గురూ తమ ఫొటోలు ఒకే సైజులో ఉండాలన్నారు. ఒకరు అక్షరాలు టీవీలో వార్తల మాదిరి పరుగెత్తాలన్నారు. నేను మూడు సింహాల ముద్ర పైన పెట్టమన్నాను. అది నా ఘనకార్యం. 2005లో వచ్చిన చట్టం ప్రకారం జాతీయ చిహ్నాన్ని మనబోటి సంఘాలు అనుమతి లేకుండా వాడకూడదని తర్వాత ఒక లాయరు మిత్రుడు చెబితేగాని నాకు తెలియలేదు.

వార్షిక సభలో ప్రారంభోత్సవం జరిగింది. పెద్ద తెర మీద సైటు చూపించారు. ముఖ్య అతిథి మీట నొక్కగానే అక్షరాలు పరుగెత్తాయి, ఫొటోలు ఒకదాని వెనుక ఒకటి జరిగాయి. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. అది పెద్ద తెర. మన సభ్యుల చేతుల్లో ఉన్నది అరచేయంత ఫోను. ఫోనులో ఆ సైటు ఎలా ఉందో ఆ రోజు ఒక్కరం కూడా చూడలేదు.

ఒక ఫోను నంబరు

ఇప్పుడు చెప్పేది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. అయినా చెప్పాలి.

సైటు తెరిచిన ఏడాదికి మన ప్రధాన కార్యదర్శి గారు కాలం చేశారు. సంతాపసభ జరిపాం, తీర్మానం చేశాం, కొత్త కార్యదర్శిని ఎన్నుకున్నాం. సైటులో "సంప్రదించండి" అన్న పేజీలో ఉన్నది మాత్రం పోయినాయన నంబరే. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మూడు నెలల తర్వాత ఒక సోదరి, భర్త పోయిన మనిషి, కుటుంబ పింఛను ఫారం కోసం మన సైటు చూసింది. ఆమె కొడుకు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తూ ఫోనులోనే వెదికాడు. "ఇతరములు" అన్న చోట నొక్కి, అందులో "డాక్యుమెంట్లు" అన్న చోట నొక్కి, "స్కాన్ 0047" అన్నది తెరిస్తే ఫారం కనిపించింది. అది పాత ఫారం. ఆమె నింపుకుని ట్రెజరీకి వెళితే ఇది చెల్లదమ్మా అన్నారు. బస్సెక్కి రెండుసార్లు తిరిగింది. చివరికి సైటులో ఉన్న నంబరుకు ఫోను చేసింది.

ఎత్తింది మన కార్యదర్శి గారి భార్య. ఆవిడా భర్తను పోగొట్టుకుని మూడు నెలలే. "ఆయన లేరమ్మా" అని ఈవిడ చెప్పడం, "మా వారూ లేరమ్మా, అందుకే చేశాను" అని ఆవిడ చెప్పడం. ఆ సంభాషణ జరగడానికి కారణం నా ఫైలు.

మర్నాడు వదినగారు నాకు ఫోను చేశారు. "అన్నయ్యగారూ, రోజూ ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. ప్రతిసారీ ఆయన లేరని చెప్పుకోవలసి వస్తోంది. ఆ నంబరన్నా తీయించండి, లేకపోతే వాళ్ళకేం చెప్పాలో నాకన్నా నేర్పండి" అన్నారు.

సాయంత్రంలోగా తీయిస్తానని మాటిచ్చాను. ఐదు వారాలు పట్టింది. సైటులో ఏదైనా మార్చాలంటే పాస్‌వర్డు కావాలి. అది ఆ కుర్రవాడి దగ్గర ఉంది. అతను ఆ కంపెనీ మానేసి బెంగుళూరు వెళ్ళిపోయాడు. సైటు పేరు కూడా సంఘం పేరున లేదు, అతని ఈమెయిలు మీద రిజిస్టరై ఉంది. అంటే మన సొమ్ముతో కట్టిన ఇంటికి పట్టా ఇంకొకరి పేరున ఉన్నట్లు. అతన్ని తప్పు పట్టను. సంఘం పేరున రిజిస్టరు చేయమని మనం రాసివ్వలేదు. చివరికి అతనే మంచి మనసుతో ఓపిక చేసుకుని ఆ వివరాలు పంపాడు.

ఆ ఐదు వారాలూ వదినగారు ఫోను కట్టేయలేదు. ఎవరు చేశారు, ఏ ఊరు, ఏం కావాలి అని ఒక నోటుబుక్కులో రాసి పెట్టి, కొత్త కార్యదర్శి గారికి పంపించారు. ఆ నోటుబుక్కు మన రెండో సైటుకు పునాది అయింది. ఎలాగో తర్వాత మనవి చేస్తాను.

పెద్దవాళ్ళూ పడ్డారు

ఇలాంటి పొరపాట్లు మనబోటి చిన్న సంఘాలకే జరుగుతాయనుకోకండి. అమెరికా ప్రభుత్వం 2013 అక్టోబరు 1న ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైటు తెరిచింది. 36 రాష్ట్రాల ప్రజలు బీమా తీసుకోవడానికి ఉద్దేశించిన సైటు అది. మొదటి రోజున ఆఖరు దాకా వెళ్ళి బీమాలో చేరగలిగినవారు ఆరుగురు. ఆరు వేలు కాదు, ఆరుగురే.

కారణాలు తర్వాత బయటికి వచ్చాయి. పని డజన్ల కొద్దీ కాంట్రాక్టర్ల మధ్య పంచారు. మొత్తానికి బాధ్యుడు ఫలానా అని స్పష్టంగా లేదు. మొదలు నుంచి చివర దాకా సైటును పరీక్షించడానికి మిగిలింది రెండు వారాలే. పైగా రేట్లు చూడాలన్నా ముందు పేరు నమోదు చేసుకోవాలన్నారు. దాంతో ఊరకే చూసి పోదామని వచ్చినవాళ్ళు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయారు. తర్వాత నిపుణులను పిలిపించి, బాధ్యత ఒకరికి అప్పజెప్పి, రోజూ లోపాల జాబితా చూసుకుంటూ సరిచేశారు. 2014 ఏప్రిల్ నాటికి, రాష్ట్రాలు విడిగా నడిపిన సైట్లతో కలిపి 80 లక్షల మంది బీమా ఎంచుకున్నారు. పడిపోయిన పనిని నిలబెట్టవచ్చుననడానికి అదీ ఒక ఉదాహరణే.

మంచి ఉదాహరణ కూడా చెబుతాను. బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో గవ్ డాట్ యూకే అనే సైటు తెరిచింది. తెల్లని కాగితం మీద నల్లని అక్షరాల్లాగా ఉంటుంది. పరుగులు లేవు, తళుకులు లేవు. పౌరుడికి ఏం కావాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టి కట్టారు. 2013లో లండన్ డిజైన్ మ్యూజియం వారు ఆ ఏటి ఉత్తమ డిజైను బహుమతి దానికే ఇచ్చారు. అలంకారం లేని దానికి అందానికిచ్చే బహుమతి వచ్చింది చూడండి.

పని నడిపే పద్ధతి

2018లో రెండో సైటు మొదలుపెట్టినప్పుడు మేము ఆఫీసు పద్ధతికే తిరిగి వెళ్ళాం. ఆ వరుస చెబుతాను. మీ పిల్లలు దుకాణానికో, బడికో, గుడికో సైటు చేయించుకునేటప్పుడు కూడా పనికొస్తుంది.

మొదటిది, ఎవరికి ఏం కావాలో రాసుకోవడం. వదినగారి నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాం. నలభై మూడు ఫోన్లు. సగానికి దగ్గరగా కుటుంబ పింఛను గురించే. తర్వాత జీవన ప్రమాణ పత్రం, వైద్య ఖర్చుల బిల్లులు, కరువు భత్యం బకాయిలు, పోయిన పి.పి.ఓ. నకలు. అధ్యక్షుల వారి ఫొటో కోసం ఎవరూ ఫోను చేయలేదు. ఆ వరుసలోనే సైటు మొదటి పేజీ కట్టాం. ఫొటోలన్నీ "కార్యవర్గం" అన్న పేజీలోకి వెళ్ళాయి. కొందరు నొచ్చుకున్నారు. నోటుబుక్కు చూపిస్తే ఊరుకున్నారు.

రెండవది, మాట ఒకరిదే కావడం. సలహాలు అందరూ ఇవ్వవచ్చు, అవన్నీ ఒకరి దగ్గరికే రాతపూర్వకంగా రావాలి. చేసేవారికి ఆదేశం ఆ ఒక్కరి నుంచే వెళ్ళాలి. ఒకే ఫైలు మీద నలుగురు అధికారులు నాలుగు రకాలుగా రాస్తే కింద గుమాస్తా ఏమవుతాడో మనకు తెలియదా?

మూడవది, విషయం ముందు, డిజైను తర్వాత. మొదటిసారి డిజైను చేయించి, ఖాళీ పేజీల్లో ఏదో ఒకటి నింపాం. రెండోసారి ప్రతి పేజీలో ఉండవలసిన మాటలు ముందే తెలుగులో రాసి, చదివి, దిద్ది, ఫెయిర్ కాపీ చేసి ఇచ్చాం. సగం ఆలస్యం అక్కడే తగ్గింది. ఏ పనిలోనైనా జాప్యం చేసేవారి వల్లనే అనుకుంటాం. సమాచారం ఇవ్వవలసిన మనమే నెలల తరబడి ఇవ్వమని తర్వాత తెలిసింది.

నాలుగవది, వర్క్ ఆర్డరు. ఎన్ని పేజీలు, ఏ భాషలు, ఎప్పటికి పూర్తి, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఆ తర్వాత మార్పుకు ఎంత, ఏడాది నిర్వహణకు ఎంత అన్నవి అంకెలతో రాశాం. సొమ్ము నాలుగు దఫాలు చేశాం. నమూనా చూపినప్పుడు ఒక భాగం, పేజీలు పూర్తయితే ఒక భాగం, పరీక్ష పూర్తయితే ఒక భాగం, తాళాలు మన చేతికిచ్చాక ఆఖరి భాగం. ఇంజనీరింగు శాఖ మిత్రులు మెజర్‌మెంట్ బుక్కులో కొలత రాయకుండా బిల్లు పాసు చేస్తారా? ఇదీ అంతే. మధ్యలో కొత్త కోరికలు పుడితే వాటిని విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టాం. ఖర్చూ గడువూ తేలాకే చేర్చాం.

ఐదవది, తాళంచెవులు. సైటుకు మూడు తాళాలుంటాయి. పేరు రిజిస్టరు చేసిన ఖాతా ఒకటి, సైటు నిలవ ఉండే చోటు ఖాతా ఒకటి, లోపల మార్పులు చేసే పాస్‌వర్డు ఒకటి. మూడూ సంఘం ఈమెయిలు మీద, సంఘం పేరున ఉండాలి. ఇద్దరు పదాధికారులకు తెలిసి ఉండాలి. కార్యవర్గం మారినప్పుడు చార్జి లిస్టులో రాసి అప్పగించాలి, పాస్‌వర్డు మార్చాలి. పేరుకు ఏటా రుసుము కట్టాలి. గడువు తప్పితే ముందు సైటు ఆగుతుంది, కొన్నాళ్ళకు ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. మన పేరు మీద వేరొకరు దుకాణం తెరిస్తే మన సభ్యులే మోసపోతారు.

ఆరవది, పరీక్ష. జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లోనే ఒక మాట చెప్పాడు. అయిదుగురు మామూలు మనుషులను కూర్చోబెట్టి వాడమంటే ముఖ్యమైన లోపాలు చాలావరకు బయటపడతాయని. మేము అయిదుగురు సభ్యులను పిలిచాం. అందరూ డెబ్బై దాటినవారే, ఒకరికి శుక్లాల ఆపరేషను కూడా అయింది. ఎవరి ఫోను వారి చేతికిచ్చి, "కుటుంబ పింఛను ఫారం తెరవండి" అన్నాం. పక్కన కూర్చుని నోరు మూసుకుని చూడడమే మా పని. అదే అన్నిటికన్నా కష్టమైన పని! మొదటి సోదరి వదినగారే. ఆవిడకు ఆరు నిమిషాలు పట్టింది. తప్పు తనదనుకుని, "నాకు చేతకాదు అన్నయ్యగారూ" అన్నారు. "లేదమ్మా, సైటుకు చేతకాలేదు" అన్నాను. ఆ పేజీలో మొదటి వాక్యం "ఫ్యామిలీ పెన్షన్ అప్లికేషన్ ప్రొఫార్మా" అని ఉంది. దాన్ని ఏమని రాయాలమ్మా అని అడిగితే, "మా ఆయన పోయారు, నేనేం చేయాలి అని కదా నేను వెదికేది" అన్నారు. ఇవాళ మన సైటులో ఆ పేజీ "భర్త లేదా భార్య చనిపోతే ఏం చేయాలి" అన్న వాక్యంతో మొదలవుతుంది. ఆ వాక్యం ఆవిడది. మార్చాక మళ్ళీ చూపిస్తే ఒక నిమిషంలోపే తెరిచారు.

డిజైనులో సాధారణంగా చేసే తప్పులు

ఇక డిజైను తప్పులు. ఇవన్నీ మనం చేసినవే కనుక ధైర్యంగా చెబుతాను.

చిన్న అక్షరాలు, వెలిసిన రంగులు. బూడిద రంగు మీద లేత నీలం అక్షరాలు పాతికేళ్ళ కుర్రవాడికి అందంగా కనిపిస్తాయి, మనకు అసలు కనిపించవు. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యు త్రీ సి వారు దీనికి లెక్క పెట్టారు. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుతురు తేడా మామూలు అక్షరాలకు 4.5కు 1, పెద్ద అక్షరాలకు 3కు 1 చొప్పున అయినా ఉండాలి. అక్షరాన్ని రెండింతలు పెంచుకున్నా పేజీ చెదరకూడదు. ఈ లెక్క చూసి చెప్పే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి.

పరుగెత్తే అక్షరాలు. నేను ఒక పదం చదివేలోగా రెండు పదాలు వెళ్ళిపోతున్నాయి. అయిదు సెకన్లు మించి తనంతట తాను కదిలేది ఏదైనా ఉంటే, ఆపుకునే వీలు చూసేవారికి ఉండాలని అదే ప్రమాణం. మేము పరుగే తీసేశాం.

తెలుగు అక్షరాల సమస్య. డి.టి.పి. కోసం పుట్టిన పాత ఫాంట్లలో కొట్టిన తెలుగును సైటులో పెడితే, ఆ ఫాంటు లేని ఫోనులో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. వెదికితే దొరకదు కూడా. తెలుగుకు యూనికోడ్‌లో 1991లో వచ్చిన మొదటి సంపుటి నుంచే చోటుంది. పోతన, వేమన, మండలి, సూరన్న, గిడుగు వంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. తెలుగుకు వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలని మరిచిపోకండి. మన వత్తులూ గుడులూ పై వరుసకీ కింది వరుసకీ తగులుకుంటాయి.

స్కాను కాగితాలు. ఒక జీ.ఓ.ను ఫొటో తీసి పెడితే అది బొమ్మ, అక్షరం కాదు. వెదికితే దొరకదు. చూపులేనివారి కోసం ఫోను చదివి వినిపించేటప్పుడు అక్కడ మౌనంగా ఉండిపోతుంది. కాగితం పెట్టండి, దాని సారాంశం నాలుగు వాక్యాల్లో తెలుగులో పైన రాయండి. "స్కాన్ 0047" అని కాకుండా జీ.ఓ. నంబరు, తేదీ, విషయం పేరుగా పెట్టండి. రికార్డు రూములో కట్ట మీద చీటీ లేకపోతే ఆ కట్ట ఉన్నా లేనట్లే కదా.

"ఇక్కడ నొక్కండి." ఎక్కడ, ఎందుకు? నొక్కితే ఏం వస్తుందో ఆ మాటల్లోనే ఉండాలి. నొక్కే చోటు కూడా వేలికి సరిపడా ఉండాలి. చేతులు వణికేవారు మనలో ఉన్నారు.

తేదీ లేకపోవడం. మొదటి సైటులో కరువు భత్యం పట్టిక ఏ తేదీదో రాయలేదు. పాత రేటు చూసుకుని ఒక పెద్దాయన ట్రెజరీ వారితో తగాదా పడ్డారు. ప్రతి పేజీ అడుగున చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. ప్రభుత్వ సైట్ల కోసం 2009లో జాతీయ సమాచార కేంద్రం వారు మొదట మార్గదర్శకాలు తెచ్చారు. 2023లో వాటి మూడవ కూర్పు వచ్చింది. మనకు అవి తప్పనిసరి కాకపోయినా చదివి పాటించదగినవి.

ఇక అన్నిటికన్నా పెద్ద తప్పు. మొదటి సైటులో మనం సభ్యుల జాబితా పెట్టాం. పేరు, పుట్టినతేదీ, పి.పి.ఓ. నంబరు, ఫోను నంబరు అన్నీ. గౌరవంగా ఉంటుందనుకున్నాం. దొంగ చేతికి బీరువా జాబితా ఇచ్చినట్లని అప్పుడు తెలియలేదు. "మీ పింఛను ఆగిపోతోంది, జీవన ప్రమాణ పత్రం ఇప్పుడే నమోదు చేస్తాను, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పండి" అనే మోసగాడికి ఆ వివరాలే పెట్టుబడి. దాని వల్ల మనలో ఎవరికీ నష్టం జరగలేదు, లేదా జరిగినా మనకు చెప్పలేదు. ఆ జాబితా తీసేశాం. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. సంఘం సైటు మీ ఆధార్, బ్యాంకు ఖాతా, ఓ.టి.పి. ఎన్నడూ అడగదు. అడిగితే అది మన సైటు కాదు. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయండి.

ఎందుకింత పట్టింపు

ఒక మిత్రుడు అడిగారు, "ఇంత చాదస్తం అవసరమా, మన పిల్లలు చూసిపెడతారు కదా" అని. పిల్లలు దూరాన ఉన్నారు. పైగా పనులన్నీ తెర మీదికే పోతున్నాయి. జీవన ప్రమాణ్ 2014 నవంబరు 10న మొదలైంది, 2021లో ముఖం చూపి చేసుకునే పద్ధతి వచ్చింది. మంచిదే. అయితే వేలిముద్ర అరిగిపోయినవారు, రెప్ప వేయలేనివారు ఏం కావాలి? 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసుల్లో, ఇలాంటి సేవలు అందరికీ అందుబాటులో ఉండడం జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. నకారా తీర్పు పక్కన ఈ తీర్పునూ గుర్తు పెట్టుకోవాలని నా మనవి. గుమ్మం దాటలేని ఆఫీసు ఎలా అన్యాయమో, తెరవలేని పేజీ కూడా అలాగే అన్యాయం.

సైటు కట్టడం పెళ్ళి లాంటిదైతే నడపడం కాపురం లాంటిది. ప్రతి నెలా మొదటి సోమవారం మన సబ్‌కమిటీలో ఒకరు కూర్చుని ప్రతి పేజీ తెరుస్తారు, ప్రతి ఫారం సరిచూస్తారు, ప్రతి ఫోను నంబరుకూ స్వయంగా చేసి చూస్తారు. ఆ పనికి ఒక రిజిస్టరు ఉంది, సంతకం చేయాలి. ఎవరైనా పదాధికారి కాలం చేస్తే, సంతాప తీర్మానం కంటే ముందు ఆ నంబరు తీయాలని మినిట్సులో రాసుకున్నాం. వినడానికి కటువుగా ఉంటుంది. ఆ ఇంటివారికి మనం చేయగల మొదటి ఉపకారం అదేనని నా నమ్మకం.

వదినగారు ఇవాళ మూడవ వరుసలో కూర్చున్నారు. ఇప్పుడు మన సైటులో కుటుంబ పింఛను పేజీ కింద ఉన్న రెండు నంబర్లలో ఒకటి ఆవిడదే. ఈసారి ఆవిడ అడిగి పెట్టించుకున్నారు. ఆ నోటుబుక్కు ఇంకా రాస్తూనే ఉన్నారు.

ఇంటికి వెళ్ళాక ఒకసారి మీ ఫోనులో సైటు తెరవండి. మీకు కావలసినది దొరకకపోతే మీకు చేతకాదనుకోకండి. మాకు ఫోను చేసి చెప్పండి. మేము దిద్దుకుంటాం.